కుర్చీలో పోయినవాళ్లు

మాంచెస్టర్ దగ్గరి మా ఊళ్లో, మా టెంటర్ వీధిలో ఎవరి ఇంట్లోనైనా ప్రాణం పోతే ముందు కబురు వెళ్లేది డాక్టరుకు కాదు, చర్చికీ కాదు. ఇరవై ఏడో నంబరు ఇంట్లో ఉండే సెలీనా క్రాబ్‌ట్రీకి. ఆమె తలుపు వెనక ఒక గుడ్డ మూట ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. అందులో ఉతికిన దుప్పటి, తెల్ల గౌను, దవడ కట్టడానికి పట్టీ, కళ్లు తెరుచుకోకుండా రెప్పల మీద పెట్టడానికి రెండు రాగి పెన్నీ నాణేలు, ఒక దువ్వెన. ఆమె వచ్చి శవానికి స్నానం చేయించి, తల దువ్వి, చేతులు గుండెల మీద చేర్చి, ముందు గదిలో పడుకోబెట్టి వెళ్లేది. అప్పుడుగానీ కిటికీ పరదాలు దింపి చుట్టాలను లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. ఇంత ఇమ్మని ఆమె ఎవరినీ అడిగింది లేదు. టీ పొట్లం ఇస్తే తీసుకునేది, ఇవ్వకపోతే లేదు. తల్లి దగ్గర నేర్చుకున్న పని. ముప్పై ఏళ్లకు పైగా చేసింది.

మిగతా రోజంతా మునిసిపల్ లాండ్రీలో పని. మోచేతుల దాకా చేతులు ఎప్పుడూ ఎర్రగా ఉడికినట్టు ఉండేవి. పొట్టి మనిషి. మాట మాత్రం వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వినపడేది. నేను పధ్నాలుగో నంబరు ఇంటి పిల్లని. మా అమ్మమ్మకు ఆఖరి స్నానం చేయించింది ఆమే. మా వీధి పిల్లలందరికీ ఆమె సెలీనా పిన్ని.

ఆమె భర్త విల్ఫ్ మా ఊరి పెద్ద పత్తి మిల్లులో, దూది ఏకే గదిలో పనిచేసేవాడు. ముళ్ల రోలర్లకు పట్టిన చెత్తను గీకి శుభ్రం చేసే పని. మిల్లు మొత్తంలో అంతకన్నా దుమ్ము పని ఇంకొకటి లేదు. ఆ గదిలో గాలి ఎప్పుడూ మంచు కురుస్తున్నట్టు ఉంటుంది. నాలుగు మిషన్ల అవతల నిలబడిన మనిషి మొహం ఆనదు. చేరిన కొన్నేళ్లకు సోమవారం నాడు ఛాతీ పట్టేస్తుంది. ఆదివారం సెలవు తర్వాత దుమ్ములోకి మళ్లీ వెళ్తారు కదా, అందుకు. మంగళవారానికి సర్దుకుంటుంది. ఇంకొన్నేళ్లకు మంగళవారం కూడా పట్టేస్తుంది. తర్వాత బుధవారం. చివరికి వారంలో మంచిరోజంటూ మిగలదు. "సోమవారం రోగం" అని మా వాళ్లు దాని మీద జోకులు వేసుకునేవాళ్లు. సోమవారం బద్ధకం ఎవరికి ఉండదు అని మేస్త్రీలు కూడా నవ్వేవాళ్లు. విల్ఫ్ నలభై ఆరేళ్లకు పోయాడు. డాక్టరు కాగితం మీద 'బ్రాంకైటిస్' అని, అంటే ఊపిరి గొట్టాల వాపు అని రాశాడు.

యుద్ధం అయిపోయింది. హిట్లర్‌ను ఓడించాం, ఇక అందరికీ ఉచిత వైద్యం, కొత్త ఇళ్లు, కొత్త కళ్లద్దాలు, కొత్త కట్టుడు పళ్లు అన్నారు. అబద్ధమేమీ కాదు. మా నాన్నకు పళ్లు వచ్చాయి. నాకు పంతొమ్మిదేళ్ల వయసులో టౌన్ హాలులో, పట్టణ ఆరోగ్యాధికారి ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. ఆరోగ్యాధికారి పేరు డాక్టర్ ఫెన్విక్. మంచి మనిషే. గొంతు పెంచి మాట్లాడడు, ఎవరి పుట్టినరోజూ మరిచిపోడు. క్షయ రోగులకు పాలు ఇప్పించడం కోసం కౌన్సిల్‌తో మూడేళ్లు పోట్లాడాడు. ఆ మాట ముందే చెప్తున్నాను. ఎందుకంటే తర్వాత ఆయన గురించి నేను చెప్పేది మంచిగా ఉండదు.

ఏటా ఆయన మా ఊరి ఆరోగ్యం మీద ఒక నివేదిక రాసేవాడు. నేను టైపు చేసేదాన్ని. ఎంతమంది పుట్టారు, ఎంతమంది పోయారు, దేనివల్ల పోయారు. బ్రాంకైటిస్ వల్ల పోయినవాళ్లు దేశం సగటుకు రెండింతల పైన ఉండేవాళ్లు. దానికి కారణం కూడా ఏటా అవే మాటలు. పొగగొట్టాల పొగ, చలికాలపు పొగమంచు, సిగరెట్లు, కిటికీలు మూసుకుని పడుకునే అలవాటు. ఆ వాక్యాలు నాకు కంఠతా వచ్చు. కళ్లు మూసుకుని టైపు చేసేదాన్ని. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

యాభై ఒకటో సంవత్సరం ఆకులు రాలే రోజుల్లో డాక్టర్ ఫెన్విక్ సహకార సంఘం హాలులో ఆడవాళ్లకు ఒక ఉపన్యాసం ఇచ్చాడు. 'మన ఊపిరితిత్తులు, మన కిటికీలు' అని పేరు. టీ, అల్లం రొట్టె పెడతారన్నారు కాబట్టి హాలు నిండింది. ఆయన చార్టులు చూపించి, రాత్రిళ్లు కిటికీ నాలుగు అంగుళాలు తెరిచి ఉంచండమ్మా, మీ ఇళ్లలో చావులు తగ్గుతాయి అన్నాడు. ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగాడు. ఇలాంటి చోట ఎవరూ ఏమీ అడగరు. సెలీనా పిన్ని లేచింది.

"పొగ అందరికీ ఒకటే కదా డాక్టరు గారూ. మా వీధిలో నేత షెడ్డు వాళ్లున్నారు, బస్సులు నడిపేవాళ్లున్నారు, ఏకే గది వాళ్లున్నారు. అందరి కిటికీలూ మూసే ఉంటాయి. చలి కదా మరి. మిగతావాళ్లు మంచం మీద పోతున్నారు. ఏకే గది వాళ్లు కుర్చీలో పోతున్నారు. ఎందుకంటారు?"

ఆయనకు అర్థం కాలేదు. కుర్చీలో అంటే ఏమిటి అని అడిగాడు. ఆమె చెప్పింది. వాళ్లు పడుకోలేరు. పడుకుంటే ఊపిరి ఆడదు. ఆఖరి ఏడాది, రెండేళ్లు పొయ్యి పక్కన కుర్చీలోనే కూర్చుని, ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిద్రపోతారు. అలాగే పోతారు. అలాగే బిగుసుకుపోతారు. వాళ్లను చక్కగా పడుకోబెట్టాలంటే మోకాళ్లను, నడుమును తన బరువంతా వేసి నొక్కాలి. "మా ఆయన్ని కూడా అలాగే నొక్కాను" అంది.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. భయానికి నవ్వే నవ్వు అది. డాక్టర్ ఫెన్విక్ మర్యాదగానే జవాబిచ్చాడు. మీ అనుభవాన్ని గౌరవిస్తాను, కానీ మనకు అనిపించేది వేరు, లెక్క వేరు, వైద్యశాస్త్రం లెక్కల మీద నడుస్తుంది అన్నాడు. తర్వాత అల్లం రొట్టె పంచారు.

తిరిగి వస్తూ పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "పిల్లా, ఆ లెక్కలు మీ ఆఫీసులోనే ఉంటాయి కదూ?"

ఉంటాయన్నాను. ప్రతి వారం మరణాల రిజిస్టరు నకలు మా ఆఫీసుకు వచ్చేది. ఫైలు చేసేది నేనే. దాన్ని బయటికి తేకూడదు. నేను తేలేదు. ఒక బడి నోటుపుస్తకం కొని, మధ్యాహ్నం భోజనం వేళ పాత ఫైళ్లు కూడా తీసి అందులోకి ఎక్కించుకునేదాన్ని. పేరు, వయసు, తేదీ, ఇంటి నంబరు, రోగం, వృత్తి. ఆదివారం మధ్యాహ్నం పిన్ని వంటింట్లో కూర్చుని ఒక్కొక్క పేరు చదివేదాన్ని. ఆమె కళ్లు మూసుకుని చెప్పేది. "తొమ్మిదో నంబరు, క్లారా. కుర్చీ. కిటికీ పక్కన ఉండేది. నలభై రెండో నంబరు ముసలాయన మంచం మీదే పోయాడు, ఆయనది నేత షెడ్డు. ముప్పై ఐదో నంబరు... కుర్చీ. ఎడమ చెయ్యి ఎంత లాగినా చాపుకోలేదు." అన్ని చావుల్లో ఒక్కటీ తప్పు చెప్పలేదు. ఎవరు ఎప్పుడు పోయారో ఆమె చెప్తే నేను మా రిజిస్టరు తేదీలతో సరిచూసుకునేదాన్ని.

ఎనిమిది ఆదివారాలకు అయిదేళ్ల లెక్క తేలింది. మా వీధితో కలిపి పిన్ని వెళ్లే నాలుగు వీధుల్లో బ్రాంకైటిస్ అని రాసిన చావులు యాభై ఎనిమిది. వాళ్లలో ఏకే గదిలో పనిచేసినవాళ్లు నలభై ఒక్కరు. ఆ నలభై ఒక్కరిలో ఆడవాళ్లు ఇరవై ముగ్గురు.

ఆ ఇరవై ముగ్గురి దగ్గరే నాకు మొదటిసారి కోపం వచ్చింది. రిజిస్టరులో వాళ్ల వృత్తి ఎక్కడా ఏకే గది అని లేదు. 'బస్సు కండక్టరు భార్య.' 'బొగ్గు బండివాడి విధవ.' 'కాపలాదారు భార్య.' పధ్నాలుగేళ్ల వయసులో మిల్లు గేటు లోపలికి వెళ్లి, పిల్లల్ని కన్న పదిహేను రోజులకే మళ్లీ వెళ్లి, ముప్పై ఏళ్లు దుమ్ము మింగిన మనిషి, చచ్చిపోయాక బస్సు కండక్టరు భార్య అవుతుంది. ఇక ఆమెను చంపింది పొగమంచే. బస్సు కండక్టరు భార్య ఇంకెలా పోతుంది?

"మరి మొగుడు పోతే 'ఏకే గది మనిషి మొగుడు' అని రాస్తారా?" అని అడిగింది పిన్ని. రాయరన్నాను.

నోటుపుస్తకం తీసుకెళ్లి డాక్టర్ ఫెన్విక్‌కు ఇస్తానన్నాను. ఆమె వద్దంది. నీ ఉద్యోగం పోతుంది, ఇంకా కాస్త ఆగు అంది. దేనికి ఆగాలో మా ఇద్దరికీ తెలుసు. ఇరవై మూడో నంబరులో మిన్నీ ఆస్పినాల్ ఏడాదిగా కుర్చీలోనే ఉంటోంది.

మిన్నీకి నలభై నాలుగేళ్లు. ఇరవై ఎనిమిదేళ్లు ఏకే గదిలో మిషన్ చూసింది. సన్నగా, చలాకీగా ఉండేది. సెలవుల వారంలో సముద్రం ఒడ్డుకు వెళ్తే గట్టు మీద అందరికన్నా ముందు చెప్పులు విడిచి డాన్సు మొదలుపెట్టేది ఆమే. భర్త హ్యారీ బస్సు కండక్టరు. కూతురు జీన్‌కు పధ్నాలుగేళ్లు. మిన్నీ చివరి రోజుల్లో ఒక వాక్యం చెప్పాలంటే మూడుసార్లు ఆగేది. మా వీధి వైద్యుడు డాక్టర్ లాక్సమ్ ఆమెకు దగ్గు మందు ఇచ్చి, ఈ వయసులో ఆడవాళ్లకు నరాల బలహీనత మామూలే, కంగారు తగ్గించుకో అని చెప్పాడు. ఊపిరి ఆడని మనిషికి కంగారు తగ్గించుకోమని సలహా. పైగా ఆయన మిల్లు వాళ్ల వైద్యుడు కూడా. నేను వేరే ఏమీ అనను.

ఫిబ్రవరిలో ఒక గురువారం తెల్లవారాక మిన్నీ పోయింది. హ్యారీ కబురు చేస్తే పిన్ని మూట తీసుకుని వెళ్లింది. వీధంతా గడపల దగ్గర నిలబడి ఉంది. అరగంటకు పరదాలు దిగాలి. దిగలేదు.

డాక్టర్ లాక్సమ్ వచ్చాడు, చూశాడు, బ్రాంకైటిస్ అని కాగితం రాయబోయాడు. పిన్ని ఆయన్ను ఆగమంది. దుమ్ము పని చేసిన మనిషి ఇలా పోతే కరోనర్‌కు, అంటే అనుమానపు చావులను విచారించే అధికారికి తెలియజేయాలి కదా అంది. ఇందులో అనుమానం ఏముంది అన్నాడాయన. ఆమె తడుముకోలేదు. "మీకు లేదు. నాకుంది. నేను ముట్టుకోను."

తన మూట విప్పలేదు. దుప్పటి ఒకటి మాత్రం తీసి మిన్నీ భుజాల మీద కప్పింది. బయటికి వచ్చి వీధి తలుపు వేసి, దానికి అడ్డంగా ఒక స్టూలు వేసుకుని కూర్చుంది. ఆఫీసుకు బయలుదేరిన నన్ను కేకేసింది. కరోనర్ మనిషి పోలీసు స్టేషన్‌లో ఉంటాడు, వెళ్లి చెప్పు అంది. నేను వెనక్కి తగ్గాను. మా ఆఫీసు మీద పెత్తనం చేసే కౌన్సిల్ ఆరోగ్య కమిటీ అధ్యక్షుడు ఎవరో నాకు తెలుసు, ఊళ్లో అందరికీ తెలుసు. మిల్లు డైరెక్టర్లలో ఒకడు. ఆమె నా మొహం చూసి, "సరేలే, నువ్వు పోకు. ఇంకెవరినైనా పంపిస్తా" అంది. ఆ మాటకు సిగ్గేసి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు జనం. ముప్పై ఒక్క ఏళ్లు ఆమె చేతుల మీద తమ వాళ్లను సాగనంపినవాళ్లే ఆమెను తిడుతున్నారు. చచ్చిన మనిషిని కుర్చీలో వదిలేస్తావా, నీకు మనసుందా అంటున్నారు. పాస్టరు గారు వచ్చి మెల్లగా నచ్చజెప్పాడు. ఆయన వెళ్లాక మిన్నీ వాళ్ల అక్క వచ్చి తలుపు మీద గుద్దింది. పిన్ని స్టూలు మీంచి లేవలేదు.

ఆఖరికి హ్యారీ వచ్చాడు. డ్యూటీ చొక్కా మీదే ఉన్నాడు, గడ్డం గీసుకోలేదు.

"అక్కా, ఆవిణ్ణి పడుకోబెట్టు. ఏడాదైంది తను వెన్ను వాల్చి. ఇప్పటికైనా పడుకోనీ. ఇదంతా చేస్తే ఏం ఒరుగుతుంది నాకు?"

పిన్ని హ్యారీ వైపు తిరిగింది. అప్పుడు చెప్పింది. తలుపు దగ్గర నిలబడిన నేను ప్రతి మాటా విన్నాను.

"ఒరే హ్యారీ, నేనేం పని చేస్తానో తెలుసా నీకు? వంగిపోయిన మనిషిని సాపు చేస్తా. నీలం తిరిగిన మొహానికి పౌడరు రాస్తా. నేను లేచి వెళ్లాక చూసినవాళ్లు, పాపం నిద్రపోతున్నట్టుంది అంటారు. ఎలా పోయిందో ఎవరికీ కనపడదు. మా విల్ఫ్‌కూ అలాగే చేశా. ముప్పై ఏళ్లుగా వాళ్ల అబద్ధాన్ని నేనే ఉతికి ఇస్త్రీ చేసి పెడుతున్నానురా. మిన్నీని మాత్రం ఎలా ఉందో అలా చూడనీ. ఒక్కడైనా చూడనీ."

హ్యారీ ఆమె పక్కనే నేల మీద కూలబడ్డాడు. ఇద్దరూ అలా కూర్చునే ఉన్నారు. జనం ఒక్కొక్కరే ఇళ్లకు వెళ్లిపోయారు.

మధ్యాహ్నం మూడింటికి కరోనర్ మనిషి వచ్చాడు. లావుపాటి పోలీసు సార్జెంటు. లోపలికి వెళ్లి మిన్నీని చూశాడు. టోపీ తీశాడు. నోట్‌బుక్‌లో చాలాసేపు రాసుకున్నాడు. బయటికి వచ్చి, మా అమ్మ కూడా ఇలాగే పోయింది అన్నాడు.  పోస్టుమార్టం జరిగాక శవాన్ని తిరిగి ఇచ్చారు. అప్పుడు పిన్ని మూట విప్పి, అంతకు ముందు ఎవరికీ చేయనంత ఓపికగా స్నానం చేయించింది.

విచారణ పోలీసు స్టేషన్ మేడ మీద జరిగింది. మిల్లు తరఫున మాంచెస్టర్ నుంచి ఒక లాయరు వచ్చాడు. బూడిద రంగు చేతితొడుగులు, మెత్తటి గొంతు. శవాన్ని కోసి చూసిన డాక్టరు ఉన్న మాట చెప్పాడు. ఊపిరితిత్తులు చెడిపోయిన మాట నిజం, గుండె పెరిగిన మాట నిజం, కానీ పత్తి దుమ్ము బొగ్గు దుమ్ములా మచ్చ వదిలిపెట్టదు, మైక్రోస్కోపులో చూసినా ఇది దుమ్ము, ఇది పొగ అని విడదీసి చెప్పలేం అన్నాడు. ఆయన్ను తప్పుపట్టను. చెప్పలేం అంటే తెలియదు అని అర్థం. కానీ ఆ గదిలో దాని అర్థం 'కాదు' అయిపోయింది.

తర్వాత పిన్నిని పిలిచారు. ఆదివారం టోపీ పెట్టుకుని వచ్చింది. లాయరు లేచి, మీరు ఏ ఆసుపత్రిలో శిక్షణ పొందారు అని అడిగాడు. పొందలేదంది. నర్సు పరీక్ష పాసయ్యారా? లేదు. అయితే ఊపిరితిత్తుల గురించి మీకున్న అర్హత ఏమిటో చెప్పగలరా అన్నాడు.

"వాళ్లకు స్నానం చేయించేది నేను, అయ్యా" అంది.

లాయరు చిన్నగా తల వంచి కూర్చున్నాడు. ఇంక అడగాల్సిందేమీ లేదన్నట్టు. పిన్ని తన సంచిలోంచి నోటుపుస్తకం తీసి, ఇందులో యాభై ఎనిమిది మంది ఉన్నారు, చూడండి అంది. కరోనర్ దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. మనం ఇక్కడ విచారిస్తున్నది ఒక్క మరణాన్నే అన్నాడు.  ఒక్కొక్కళ్లనే విడివిడిగా విచారిస్తే, ఒక్కొక్కళ్లూ విడివిడిగా బ్రాంకైటిస్‌తోనే పోతారు. అలా ఊరు ఊరంతా పోవచ్చు.

తీర్పు వచ్చింది. సహజ మరణం. కారణం బ్రాంకైటిస్. ఇక ఫారం నింపాలి. గుమస్తా చదువుతున్నాడు. పేరు, మిన్నీ ఆస్పినాల్. వయసు, నలభై నాలుగు. వృత్తి, బస్సు కండక్టరు హ్యారీ ఆస్పినాల్ భార్య.

"కాదు" అన్నాడు హ్యారీ.

అప్పటిదాకా ఆ మనిషి నోరు విప్పలేదు. లేచి నిలబడ్డాడు. 

"ఆవిడ ఏకే గది కార్మికురాలు. ఇరవై ఎనిమిదేళ్లు. ముందు అది రాయండి. నా భార్య అన్నది తర్వాత రాయండి."

గుమస్తా కరోనర్ వైపు చూశాడు. ఆడవాళ్లకు అలా రాసే పద్ధతి లేదు అన్నాడు కరోనర్. అయితే నేను కూర్చోను అన్నాడు హ్యారీ. కూర్చోలేదు కూడా. లాయరు రైలు టైము చూసుకుంటున్నాడు. కాసేపటికి కరోనర్ విసుగ్గా, రాసెయ్యవయ్యా అన్నాడు. మా ఊరి మరణాల రిజిస్టరులో ఒక పెళ్లయిన ఆడమనిషి పేరు పక్కన ఆమె చేసిన పని కనబడడం నేను అదే మొదటిసారి చూశాను.

గెలిచామా? లేదు. తీర్పు తీర్పే. కానీ ఆ తర్వాత మా వీధి మొగవాళ్లు భార్యల చావు రాయించడానికి రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లినప్పుడు పిన్ని వెంట వెళ్లేది. బెంచీ మీద కూర్చుని, "రాయించుకో, రాయించుకోకుండా రాకు" అనేది. కొందరిది రాశారు, కొందరిది రాయలేదు. గుమస్తాకు ఆమెను చూస్తేనే దడ పుట్టేది.

కరోనర్ ముట్టని నోటుపుస్తకాన్ని పిన్ని నా పేరు చెప్పకుండా డాక్టర్ ఫెన్విక్‌కు ఇచ్చింది, కానీ అందులో దస్తూరి ఎవరిదో ఆయనకు ఇట్టే తెలిసిపోయింది. నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. కోపగించుకోలేదు. పుస్తకం తీసుకుని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాడు. చాలా శ్రద్ధగా చేశావు మ్యూరియల్ అన్నాడు. దీన్ని నివేదికలో పెడతారా అని అడిగాను. ఆయన కిటికీ వైపు చూశాడు. ఆరోగ్య కమిటీ క్షయ ఆసుపత్రికి కొత్త వార్డు ఇచ్చే ఆలోచనలో ఉంది, ఇప్పుడు వాళ్లతో పేచీ పెట్టుకుంటే ఆ రోగుల గతి ఏమవుతుంది అన్నాడు. పుస్తకం డ్రాయరులో పెట్టి తాళం వేశాడు. వారం తిరక్కుండా నన్ను ఎలుకలు, మురుగు కాలువల విభాగానికి మార్చారు. ఆ ఏడాది నివేదిక ఇంకొకరు టైపు చేశారు. పొగ, పొగమంచు, సిగరెట్లు, కిటికీలు. వార్డు వచ్చింది. బాగుంది. ఒక రోగికి మంచం ఇవ్వడానికి ఇంకో రోగి నోరు నొక్కాలని ఏ వైద్యశాస్త్రంలో రాసి ఉందో ఆయన నాకు చెప్పలేదు.

జీన్‌కు బడి మానే వయసు వచ్చింది. పిన్ని ఆ పిల్లను తీసుకెళ్లి లాండ్రీలో తన పక్కన చేర్పించింది. రెండేళ్లు బాగానే గడిచింది. తర్వాత కౌన్సిల్ ఆ లాండ్రీ మూసేసింది. పిన్ని ఇంట్లో కూర్చుంది. జీన్ ఎక్కడ పనికి చేరిందో చాలా రోజులు ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒక సాయంత్రం చేపల కొట్టు వరసలో జీన్ ఆమె ముందు నిలబడి ఉంది. జుట్టు నిండా తెల్లటి పత్తి నూగు.

పిన్ని తిట్టలేదు. వరస కదులుతున్నంతసేపూ ఆ పిల్ల జుట్టులోంచి నూగు ఒక్కొక్క పోగే తీసింది. జీన్ తల తిప్పకుండా, "ఇంకెక్కడా పని లేదు పిన్నీ. నాన్న ఒక్కడి జీతం" అంది. తెలుసమ్మా అంది పిన్ని.

మర్నాడు పొద్దున్న ఆమె టౌన్ హాలుకు వచ్చి డాక్టర్ ఫెన్విక్ గది ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. అపాయింట్‌మెంట్ లేదన్నారు. ఉంటానంది. ఆయన వెనక మెట్ల దారిన వెళ్లిపోయాడు. రెండో రోజు కూడా అంతే. మా మురుగు కాలువల గదిలోంచి నాకు ఆ బెంచీ కనిపించేది. మధ్యాహ్నం టీ తీసుకెళ్లి ఇస్తే తాగింది. మూడో రోజు ఆయనే బయటికి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఈ నాలుగేళ్లలో బాగా పెద్దవాడైపోయాడు.

"ఆ పుస్తకం మీ దగ్గరే ఉందా?" అని అడిగింది. ఉందన్నాడు.

"ఎప్పుడైనా ఆ గది లోపలికి వెళ్లి చూశారా డాక్టరు గారూ?"

ఆయన లేదని తల అడ్డంగా ఊపాడు. పదహారేళ్లుగా ఊరికి ఆరోగ్యాధికారి. ఒక్కసారీ వెళ్లలేదు.

"వచ్చే సోమవారం వెళ్లండి. పొద్దున్నే మిషన్లు మొదలయ్యేటప్పుడు వెళ్లండి. ఒక్క గంట నిలబడండి చాలు. మిన్నీ కూతురు మూడో వరసలో ఉంటుంది. ఆ తర్వాత కూడా కిటికీ మాటే చెప్తే నేనింక రాను."

వెళ్లాడు. మిల్లు వాళ్లు గేటు దగ్గర ఆపబోతే, ఆరోగ్యాధికారిగా వచ్చాను, తలుపు తియ్యండి అన్నాడట. గంట అన్నది మధ్యాహ్నం దాకా సాగింది. తిరిగి వచ్చినప్పుడు నేను మెట్ల మీద ఎదురుపడ్డాను. కనుబొమ్మలు, కనురెప్పలు తెల్లగా ఉన్నాయి. గోడ పట్టుకుని దగ్గుతున్నాడు.  ఆ రోజే డ్రాయరు తాళం తీశాడు. నన్ను మళ్లీ పైకి పిలిపించాడు. యాభై ఎనిమిది మంది లెక్క, దానికి నాలుగేళ్ల కొత్త లెక్క కలిపి, ఒక ఉత్తరంతో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు పంపించాడు. ఉత్తరం నేనే టైపు చేశాను. అందులో పొగమంచు అన్న మాట లేదు. ఆ చలికాలంలోనే కమిటీ ఆయన్ను ముందుగా రిటైరు చేసింది. అన్నీ తెలిసే చేశాడు. అయినా నాకు ఆయన మీద కోపం పూర్తిగా పోలేదు. ఆ నాలుగేళ్లలో మా నాలుగు వీధుల్లో ఇంకో ముప్పై ముగ్గురు పోయారు.

యాభై ఏడులో మిల్లులో దుమ్ము పీల్చే గొట్టాలు బిగించారు. ఒక్కో మిషను మీద ఒక్కో రేకు గుమ్మటం, పైన ఫ్యాను. బిగించడానికి పట్టింది పదకొండు వారాలు. అంతే. బిగించిన మొదటి సోమవారం జీన్ ఇంటికి వచ్చి, మూడో వరస నుంచి గోడ మీది గడియారం కనబడుతోంది పిన్నీ, అక్కడ గడియారం ఉందనే నాకు తెలియదు అంది.

మూడేళ్లకు మిల్లు మూతపడింది. దుమ్ము వల్ల కాదు, బేరం లేక. మిషన్లను, వాటితోపాటు ఆ గొట్టాలను కూడా తుక్కు కింద అమ్మేశారు. మిల్లు నడిచింది అరవై ఏడేళ్లు. అందులో గాలి ఉన్నది మూడేళ్లు.